పడిందా, పారేశారా?

యుంగ్ పాక్-షింగ్ చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాన్ని తిప్పి అడుగున చూస్తాడు, పేరు రాసి ఉందేమోనని. టీ కప్పు ఇచ్చినా అంతే, ఆవిరి మీద ఉడికిన బన్ను ఇచ్చినా అంతే. ఇరవై రెండేళ్లు రేవులో దొరికిన వస్తువుల గుమాస్తాగా పనిచేస్తే ఎవరికైనా ఆ జబ్బు పట్టుకుంటుంది కాబోలు.

హాంకాంగ్ నుంచి మా దీవికొచ్చే పడవల్లో జనం మరిచిపోయిన సామానంతా ఆయన గదికే చేరుతుంది. రేవు మెట్ల కింద, కిటికీ లేని గది. గొడుగులు, కళ్లజోళ్లు, ఎడమకాలి చెప్పులు (కుడికాలిది ఎవరూ మరిచిపోరు, ఎందుకో ఆయనకూ తెలియదు), ఒకసారి పూర్తి కట్టుడుపళ్ల సెట్టు, ఒకసారి బుట్టలో బతికున్న బాతు. ఏ వస్తువైనా తొంభై రోజులు ఉంచాలని నియమం. బాతుని కూడా ఉంచాడు. కంపుకొట్టే దురియన్ పండునొకదాన్ని కూడా ఉంచబోతే టికెట్లమ్మే ముగ్గురూ కలిసి పైఅధికారికి మొరపెట్టుకున్నారు. ఆ అధికారే ఒకనాడు గొడుగు మరిచిపోయి వెతుక్కుంటూ వచ్చాడు. గొడుగు పిడి మీద ఆయన పేరు చెక్కి ఉంది. పాక్-షింగ్ దాన్ని చూస్తూనే, "మీ గొడుగుకి గుర్తేమిటండీ?" అని అడిగాడు.

"నా పేరు చెక్కి ఉందయ్యా!"

"అలాగా. ఆ పేరు మీదేనని చూపించే కాగితం ఏదైనా ఉందా?"

అలాంటి మనిషి. చెడ్డవాడు కాడు. నలభై ఆరేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. అందుకు కారణం కూడా ఆ అడిగే గుణమే అని దీవిలో అందరి అభిప్రాయం.

ఆయనకో పిచ్చి ఉండేది. ఎవరైనా విరిగిన గొడుగు మరిచిపోతే, దాన్ని అలాగే తిరిగివ్వడం ఆయనకు నచ్చదు. సొంత ఖర్చుతో బాగుచేయించి అట్టే పెట్టేవాడు. చేపల బజారు వెనక సందులో గొడుగులు బాగుచేసే కొట్టు వాన్-యుక్‌ది. నలభై ఒకటి దాటిన మనిషి. తండ్రి పోయాక కొట్టూ, కొట్టు మీద గదిలో ఉండే తల్లీ, రెండు భారాలూ తనే చూసుకుంటోంది. ఆరేళ్లపాటు పాక్-షింగ్ వారానికి రెండు మూడు గొడుగులు పట్టుకొచ్చాడు. ఆరో ఏడు ఓ రోజు ఆయన తెచ్చిన గొడుగు విప్పి చూసి వాన్-యుక్, "ఇది బాగానే ఉంది కదా?" అంది.

"బాగానే ఉందండీ."

"మరి ఎందుకు తెచ్చారు?"

పాక్-షింగ్ చెవులు ఎర్రబడ్డాయి. "విరిగినవి ఈ వారం ఎవరూ మరిచిపోలేదు," అన్నాడు.

అంతే వాళ్ల ప్రేమకథ. ఇక మిగిలింది మాక్ పెద్దమ్మ.

మాక్ పెద్దమ్మ వాన్-యుక్ తల్లి. డెబ్బై ఎనిమిదేళ్లు. మనిషి ఎంత చిన్నదంటే కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి అందవు. కానీ మహ్‌జాంగ్ (పేకాటలా నలుగురు బిళ్లలతో ఆడే ఆట) బల్ల ముందు ఆమె దగ్గినా మిగతా ముగ్గురూ చేతులు వెనక్కి తీసుకునేవారు. మనిషి గుణం బల్ల దగ్గరే తెలుస్తుందని ఆమె నమ్మకం. అది మా దీవిలో చాలామంది నమ్మకమే గానీ, ఆమెకు ఇంకా లోతుగా వెళ్లే అలవాటు. బిళ్లలు ఎలా పేర్చుకుంటాడో చూడక్కర్లేదు, ఎలా గెలుస్తాడో చూడక్కర్లేదు, పక్కవాడు పారేసిన బిళ్లని ఎలా అడుగుతాడో అది చూస్తే చాలు అనేది. పైగా పరీక్ష ఆటలో డబ్బు పెట్టనిచ్చేది కాదు. "డబ్బు పెడితే జేబు గుణం బయటపడుతుంది. నాకు మనిషిది కావాలి," అనేది.

అంతకుముందు ముగ్గురొచ్చారు వాన్-యుక్ కోసం.

మొదటివాడు ఓడలో వంటవాడు. తనకు ఎదురుగా కూర్చున్నవాడు పారేసిన బిళ్లతో అయిదు, ఆరు, ఏడు అంటూ వరస కట్టబోయాడు. పెద్దమ్మ వాడి చేతిమీద విసనకర్రతో ఒకటి వేసింది. "ఒకే రకం మూడు చేస్తే పోంగ్. అది ఎవరు పారేసినా అడగొచ్చు. వరస కట్టాలంటే నీకు ముందు ఆడినవాడి బిళ్లే తీసుకోవాలి. ఎదురింట్లో ఆరేసిన బట్టలు కూడా ఇలాగే తీసుకుంటావా?" అంది. పోనీ తెలియక చేశాడని కూతురు అంటే, "తెలియకపోవడం తప్పు కాదే. నోరు తెరవకముందే చెయ్యి చాచాడు చూడూ, అదీ తప్పు," అంది.

రెండోవాడు దర్జీ. మర్యాదగానే ఆడాడు. కాకపోతే ప్రతి ఆట అయ్యాక, "అయ్యో, మీరు వేసిన ఆ బిళ్ల నాకు కావలసిందే, అడుగుదామనుకున్నా," అని ఏడ్చేవాడు. "నీకు కావలసింది అప్పుడు అడగాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. పదేళ్లయ్యాక మా అమ్మాయిని చూసి కూడా ఇలాగే ఏడుస్తావు," అని పంపించేసింది.

మూడోవాడు బడిపంతులు. వాడి మీద పెద్దమ్మకి ఇప్పటికీ కోపం. ఆమె పారేసిన బిళ్లతో వాడికి ఆట పూర్తయ్యేది. 'వూ' అంటే చాలు, గెలుపు వాడిదే. వాడు ఆమె వైపు చూసి ముసిముసిగా నవ్వి ఊరుకున్నాడు. ఆట అయ్యాక వాడి బిళ్లలు తిరగేసి చూసింది. "నాకు దానం చేస్తాడట! వెధవ! నాకు!" అని ఆ రాత్రి అన్నం తినలేదు.

అందుకని నాలుగోసారి వాన్-యుక్ ముందే జాగ్రత్త పడింది. పాక్-షింగ్‌తో మొహమాటం లేకుండా చెప్పింది.

"మీరు గెలవక్కర్లేదు. మా అమ్మకి నచ్చితే చాలు. కొట్టు మీద ఉన్నది ఒకటే గది. ఆమె చీదరించుకునే మనిషిని తెచ్చి అందులో పెడితే ముగ్గురం ఒకరినొకరం గొడుగు ఊచలతో పొడుచుకుంటాం. అర్థమైందా?"

"అర్థమైందండీ. కానీ నాకు ఒక ఇబ్బంది ఉంది."

"ఆట రాదా?"

"ఆట వచ్చండీ. ఒకరు పారేసింది అడగడమే రాదు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. అప్పుడు ఆమెకి భయం పట్టుకుంది.

పది రోజులు కొట్లోనే శిక్షణ. వాన్-యుక్ బల్ల మీద గొడుగు సామాను పరిచేది. ఊచలు, బొత్తాలు, చెక్క పిడులు. ఆయన ముందు రెండు బొత్తాలు పెట్టి, తను ఒకటి విసిరేది.

"కానివ్వండి, అనండి!"

"ఇది మీకు ఇంక అవసరం లేదా?"

"పోంగ్ అనాలండీ! నేనొక దాన్ని పారేశాను, అలాంటివి మీ దగ్గర రెండున్నాయి, మూడోది కావాలి. పోంగ్!"

"అదికాదండీ, ఇది మంచి బొత్తాం. ఇత్తడిది. పొరపాటున పారేశారేమోనని…"

"పక్కవాడి చెయ్యి గోడకి తగిలేలోగా అనకపోతే చెల్లదు తెలుసా?" గోడ అంటే మధ్యలో పేర్చిన బిళ్లల వరస. తర్వాతి మనిషి అందులోంచి కొత్త బిళ్ల తీసుకున్నాడంటే పారేసినదాని సంగతి ముగిసినట్టే.

"ఎంత సమయం ఉంటుందండీ?"

"ఒక ఊపిరి."

పాక్-షింగ్ మొహంలో నెత్తురు లేదు. తొంభై రోజుల మనిషి. ఒక ఊపిరిలో ఎలా తేలుస్తాడు?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆట. బల్లకి ఒక వైపు పెద్దమ్మ, ఆమె పక్కన పాక్-షింగ్. ఆమెకి ఎదురుగా గ్వాన్ మామ. రేవు దగ్గర క్షౌరశాల ఆయనది. చనిపోయిన మాక్ గారికి స్నేహితుడు కాబట్టి పెద్దమ్మని వదినా అంటాడు. ఆయన ఎంత దురాశపరుడంటే పారేసిన ప్రతి బిళ్లకీ పోంగ్ అంటాడు, అవసరం ఉన్నా లేకపోయినా. నాలుగో కుర్చీకి మనిషి దొరకక పొరుగింట్లో ఉన్న నన్ను లాక్కొచ్చారు. వాన్-యుక్ ఆడకూడదు, మాట్లాడకూడదు. చూసేవాళ్లకి నోరు లేదు అన్నది ఆ ఇంటి చట్టం. ఆమె కుర్చీ ఒకటి వేసుకుని పాక్-షింగ్ వెనక కూర్చుని పంపరపనస ఒలుస్తోంది.

రెండో ఆటలోనే వచ్చింది పరీక్ష. గ్వాన్ మామ ఎర్ర బిళ్ల పారేశాడు. పాక్-షింగ్ భుజాలు బిగుసుకున్నాయి. ఆయన దగ్గర రెండు ఎర్రవి ఉన్నాయని బల్ల చుట్టూ అందరికీ ఆ భుజాలే చెప్పాయి. నోరు తెరిచాడు.

"మామా, ఇది మీకు నిజంగా అక్కర్లేదా?"

గ్వాన్ మామ బిత్తరపోయాడు. "అక్కర్లేకే కదయ్యా పారేసింది?"

"కాదు, ఇంకోసారి ఆలోచించుకుని…"

"నేనెందుకు ఆలోచించుకోవాలి! పోనీ నువ్విలా అంటుంటే… దాన్లో ఏమన్నా ఉందంటావా?" అని గ్వాన్ మామ తన బిళ్ల వంక తనే అనుమానంగా చూశాడు.

ఆ తర్వాత వంతు నాది. ఎంతసేపని ఆగను? గోడలోంచి బిళ్ల తీశాను.

"గోడ మీద చెయ్యి పడింది. అయిపోయింది," అంది పెద్దమ్మ. పాక్-షింగ్ వంక చూసి, "అబ్బాయ్, ఇక్కడ దరఖాస్తులు తీసుకోం," అంది.

వెనక పంపరపనస తొక్క చర్రుమని చిరిగింది.

అలా సాయంత్రం నాలుగింటి దాకా నడిచింది. పాక్-షింగ్ ఒక్కసారి పోంగ్ అనలేదు, ఒక్క వరస కట్టలేదు, వూ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతిసారీ అడిగేవాడు. "పెద్దమ్మగారూ, ఇది తమరు కావాలనే…?" అనేలోగా గ్వాన్ మామ, "పోంగ్!" అని ఎగరేసుకుపోయేవాడు. అయితే ఒకటి. ఆయన పారేసిన బిళ్లలు ఆరేసిన చేపల్లా వరసగా, సూటిగా ఉన్నాయి. చెయ్యి ఎవరికీ అడ్డం పెట్టలేదు. పోయినదాని గురించి మూలగలేదు. బిళ్ల కింద పెట్టినప్పుడు చప్పుడు చెయ్యలేదు. పెద్దమ్మ ఇవన్నీ చూస్తోంది. చూస్తోందని తెలుస్తోంది గానీ ఏమనుకుంటోందో తెలియదు.

చివరి ఆటకి బిళ్లలు కలుపుతుండగా ఆమె తీర్పు చెప్పేసింది.

"చూడబ్బాయ్. నువ్వు దొంగవి కాదు, ఏడుపుగొట్టువీ కాదు. అంతవరకు బాగానే ఉంది. కానీ నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. రేపు ఈ మెట్ల మీద నుంచి జారిపడ్డాననుకో. నువ్వు కేక వేస్తావా? వెయ్యవు. 'పెద్దమ్మగారూ, మీరు నిజంగానే పడ్డారా, లేక కావాలని పడుకున్నారా?' అని అడుగుతూ నిలబడతావు. అందుకని ఈ ఒక్క ఆటలో నీ నోటెంట ఒక్క పిలుపు రావాలి. ఏదైనా సరే. రాకపోతే టీ తాగి వెళ్లు. గొడుగులు వేరే చోట బాగుచేయించుకో."

వాన్-యుక్ ఒలవడం ఆపింది. పాక్-షింగ్ తల ఊపాడు. ఆయన నుదురు మీద చెమట.

బిళ్లలు పేర్చుకున్నాం. పెద్దమ్మ అన్నీ వెదురు బిళ్లలే, అంటే ఒకటి నుంచి తొమ్మిది దాకా వెదురు గుర్తున్నవే, ఏరుకుంటోందని తొందరగానే తెలిసిపోయింది, ఎందుకంటే మిగతావన్నీ విసుగ్గా పారేస్తోంది. పెద్ద ఆట కడుతోంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. అలా ఉన్నప్పుడు ఆమెకి పాతికేళ్లు తగ్గుతాయి.

ఆమె వంతు వచ్చింది. గోడలోంచి బిళ్ల తీసుకుంది, చూసుకుంది, పక్కన పెట్టుకుంది. ఏది పారేద్దామా అని ఆలోచిస్తూ గుమ్మడిగింజల గిన్నె కోసం చెయ్యి చాచింది. ఆమె ఉన్ని చొక్కా ముంజేతి దగ్గర ఒక పోగు ఎన్నాళ్లుగానో వేలాడుతోంది. కుట్టిస్తానంటే కూతుర్ని కుట్టనివ్వదు. ఆ పోగు చివరి బిళ్ల అంచుకి పట్టుకుంది. బిళ్ల వరసలోంచి తూలి, ఒక పల్టీ కొట్టి, బల్ల మీద వెల్లకిలా పడింది.

ఎనిమిదో వెదురు.

"పోంగ్!" అన్నాడు గ్వాన్ మామ. ఆయనకి నిద్రలో కూడా వచ్చే మాట అది, కానీ ఈసారి నిజంగానే ఆయన దగ్గర రెండున్నాయి.

నేను పెద్దమ్మ మొహం చూశాను. ఆ బిళ్ల పోతే ఆమె ఆట కూలిపోతుంది. కానీ ముప్పై ఏళ్లుగా ఆ బల్ల దగ్గర ఆమె నిలబెట్టిన చట్టం ఒకటుంది. బల్ల తాకింది ఇంక నీది కాదు. మొగుడికి కూడా సడలించలేదు. ఒకసారి ఆయన తుమ్మినప్పుడు పడిన బిళ్లని కూడా పారేసినట్టే లెక్క కట్టింది. పెద్దమ్మ పళ్లు బిగించి, "పోంగ్ అన్నాడు. తీసుకోనీ," అంది.

వెనక నుంచి పాక్-షింగ్ బిళ్లలు చూస్తున్న వాన్-యుక్ మొహం పాలిపోయింది. ఆమెకు నోరు లేదు కాబట్టి పంపరపనస తొక్క ముక్క తీసి ఆయన మెడ మీద వేసింది. తర్వాత తెలిసింది, ఆయన చేతిలో అంతా సిద్ధంగా ఉంది. ఏడో వెదురుంది, తొమ్మిదో వెదురుంది. ఎనిమిదోది వస్తే వూ. ఎవరు పారేసినా సరే. పోంగ్‌ని వూ కొట్టేస్తుంది, అది బల్ల దగ్గర పెద్ద మాట. ఆ ఒక్క మాట అంటే చాలు. అడగమన్న పిలుపూ అదే, గెలుపూ అదే.

పాక్-షింగ్ నోరు తెరిచాడు.

"ఆగండి," అన్నాడు.

మధ్యాహ్నం నుంచి ఆయన ప్రశ్నార్థకం లేకుండా అన్న మొదటి మాట అది. గ్వాన్ మామ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇది పారేసింది కాదు. పడింది."

"బల్ల తాకిందయ్యా! ఇంటి చట్టం!" అని అరిచాడు గ్వాన్ మామ.

"మామా, పారేసిన వస్తువు వెనక మనసుంటుంది. పడిన వస్తువు వెనక చొక్కా పోగే ఉంది. ఇరవై రెండేళ్లుగా నేను చూస్తున్నవి ఇవే. పడవలో ఒకాయన పాత చెప్పులు వదిలేసి కొత్తవి వేసుకుని వెళ్తాడు. అవి పారేసినవి. ఒకావిడ ఒక చెప్పు జారిపోయి కుంటుకుంటూ దిగుతుంది. అది పడింది. రెండూ చెప్పులే. ఒకదానికి యజమాని లేడు, ఇంకోదానికి ఉన్నాడు."

పెద్దమ్మ కళ్లు చిన్నవి చేసింది. బడిపంతులు గుర్తొచ్చాడని మాకందరికీ అర్థమైంది.

"నాకు దానం చేస్తున్నావా?" అంది చాలా నెమ్మదిగా.

"లేదండీ. నాకది కావాలి. చాలా కావాలి. అదొక్కటే కావాలి నాకు. కానీ మీరు ఇవ్వలేదు."

"అలా చెప్పేయకూడదయ్యా! ఆటలో అలా చెప్పేయకూడదు!" గ్వాన్ మామ నెత్తి కొట్టుకున్నాడు.

అప్పటికే పాక్-షింగ్ చొక్కా జేబులోంచి చిన్న రసీదు పుస్తకం తీశాడు. ఆదివారం కూడా జేబులో పెట్టుకు తిరుగుతాడని మాకెవరికీ తెలియదు. మధ్యలో నీలం కార్బన్ కాగితం సర్దుకున్నాడు. కలం తీశాడు.

"వస్తువు?"

పెద్దమ్మ కూతురి వంక చూసింది. కూతురు పైకప్పు వంక చూసింది.

"ఎనిమిదో వెదురు," అంది పెద్దమ్మ.

"ఏదైనా ప్రత్యేకమైన గుర్తు?"

"కింద మూల పంటి గాటు. మా ఆయనది. ఓ రోజు ఓడిపోయిన కోపంలో కొరికాడు."

పాక్-షింగ్ ముట్టుకోకుండా వంగి బల్ల మీది బిళ్లని చూశాడు. "ఏ పన్ను?"

"కోరపన్ను. ఇదిగో ఈ పక్కది."

"సరిపోయింది. ఆఖరిసారి ఎక్కడ చూశారు?"

"నీ ముక్కు ముందు!"

"'బల్ల మీద, తన వరసలో' అని రాస్తున్నాను. సమయం నాలుగూ ఇరవై. ఇక్కడ సంతకం చెయ్యండి."

మాక్ పెద్దమ్మ సంతకం చేసింది. నేను ప్రమాణం చేసి చెబుతాను, చేసింది. పాక్-షింగ్ లేచి నిలబడి, ఎనిమిదో వెదురుని రెండు చేతులతో పట్టుకుని, తల వంచి ఆమెకి అందించాడు. ఆమె కూడా అనుకోకుండా రెండు చేతులతోనే అందుకుంది. గ్వాన్ మామ కుర్చీలో వెనక్కి వాలి, "నేను పోంగ్ అన్నాను," అని గోడ గడియారానికి చెప్పుకున్నాడు.

ఇక పెద్దమ్మ ఏదో ఒకటి పారేయాలి. వంతు ఆమెదే. బిళ్లలు ముందు పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదోది పాక్-షింగ్‌కి కావాలని ఇప్పుడు ఊరందరికీ తెలుసు. అది దాచుకుంటే ఆమె పెద్ద ఆట కూడా నిలబడుతుంది. ఇంకేదైనా పారేయొచ్చు. ఆమె ఎనిమిదో వెదురుని చూసింది. పంటి గాటుని బొటనవేలితో రుద్దింది. ఒక గుమ్మడిగింజ కొరికింది. ఇంకొకటి కొరికింది. కింద సందులో ఎవరో చేపలవాడి బేరం మొదలై, ముగిసి, మళ్లీ మొదలైంది.

"ముప్పై ఏళ్లుగా బల్ల తాకింది నాది కాదు అంటూ వచ్చాను," అంది చివరికి. "నువ్వేమో నాదే అంటావు. సంతకం కూడా పెట్టించుకున్నావు. సరే. నాదే. నాది కాబట్టి నా ఇష్టం."

ఎనిమిదో వెదురుని తీసి, బల్ల మధ్యలో, చప్పుడు కాకుండా పెట్టింది.

"పారేశాను. మనసుతో పారేశాను. సాక్షులున్నారు." వేలెత్తింది. "అబ్బాయ్, ఇప్పుడు గనక 'నిజంగానా' అని అడిగావో, ఈ బల్ల ఎత్తి నీ నెత్తిన వేస్తాను."

"పోంగ్!" అన్నాడు గ్వాన్ మామ.

అని ఊరుకోలేదు. తన రెండు ఎనిమిదోవీ తిరగేసి బల్ల మీద పరుస్తున్నాడు. అవి పరిచి, ఇంకొక బిళ్ల పారేశాడంటే ఇక వూ కూడా చెల్లదు. ఆయన వేళ్లు కత్తెర పట్టిన వేళ్లు, చురుకైనవి. ఒకటి తిరగేశాడు. రెండోది తిరగేశాడు. పారేయడానికి మూడోదాని మీద చెయ్యి వేశాడు.

పాక్-షింగ్ నోరు తెరిచాడు. "మీరు ని…" అన్నాడు. ఆగాడు. మింగాడు. ఆ మింగినది గొంతు దిగడం మాకు కనిపించింది. ఆయన మెడ మీద తొక్క ముక్క జారి కింద పడింది.

"వూ!"

అది మనిషి గొంతులా లేదు. మంచులో రేవుకొస్తున్న పడవ వేసే కూత. నా టీ ఒలికింది. కింద చేపలవాడు బేరం ఆపేశాడు. గ్వాన్ మామ చేతిలో బిళ్ల ఎగిరి ఆయన ఒళ్లోనే పడింది. నలభై ఆరేళ్లుగా అడగకుండా దాచుకున్నవన్నీ కలిపి ఒక్కసారే అడిగినట్టుంది.

పాక్-షింగ్ తన బిళ్లలు పరిచాడు, ఎప్పటిలాగే సూటిగా. ఏడు, తొమ్మిది. వాటి మధ్య ఎనిమిది. పెద్దమ్మ కుర్చీ దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఒక్కొక్కటే లెక్కపెట్టింది. మా బల్లల దగ్గర దాన్ని కోడి గెలుపు అంటారు. అన్నిటికన్నా చవకైన గెలుపు, ఒక్క పాయింటు కూడా విలువ చెయ్యనిది.

"ఇంత గోల చేసి కోడి గెలుపా!" అన్నాడు గ్వాన్ మామ.

"నువ్వు నోర్ముయ్, గ్వాన్," అంది పెద్దమ్మ. పాక్-షింగ్ వైపు తిరిగి చెయ్యి చాచింది. "నా కాపీ ఏది?"

"అండీ?"

"సంతకం పెట్టించుకున్నావు. నా కాపీ నాకివ్వవా? ఎలాంటి ఆఫీసయ్యా మీది?"

పాక్-షింగ్ గబగబా నీలం అక్షరాల కాగితం చింపి ఇచ్చాడు. ఆమె దాన్ని దూరంగా పట్టుకుని చదివింది. 'ప్రత్యేక గుర్తు: పంటి గాటు (భర్తది)' అన్న చోట కాసేపు ఆగింది. మడిచి చొక్కాలో పెట్టుకుంది. "నోరుంది," అంది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "కాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. పాత తలుపు. పర్లేదు." తర్వాత విసుగ్గా, "ఇంకా నా మొహం చూస్తావేం? అడగాల్సింది నన్నా?" అంది.

పాక్-షింగ్ కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. వాన్-యుక్ ఒళ్లో తొక్కలు, చేతిలో ఒలిచిన పంపరపనస తొన.

"వాన్-యుక్ గారూ," అన్నాడు. "మీరు తొందరపడి ఏమీ… అంటే బాగా ఆలోచించుకుని… కావాలంటే తొంభై రోజులు…"

గ్వాన్ మామ కళ్లు మూసుకున్నాడు. పెద్దమ్మ విసనకర్ర వైపు చెయ్యి చాచింది.

వాన్-యుక్ తొన తీసి ఆయన నోట్లో కుక్కింది.

"వూ," అంది.

చూసేవాళ్లకి నోరు లేదన్న చట్టం ఇప్పుడే విరిగింది కదా, పెద్దమ్మ ఏమంటుందోనని అందరం ఆమె వంకే చూస్తున్నాం. ఆమె బల్ల మీదికి వంగి, గోడ వంక పరీక్షగా చూసింది.

"ఇంకా ఎవరి చెయ్యీ గోడకి తగల్లేదు," అంది. "చెల్లుతుంది."

పాక్-షింగ్ ఇప్పుడు కొట్టు మీది గదిలోనే ఉంటున్నాడు. పెద్దమ్మ చొక్కా పోగు కుట్టడానికి ఒప్పుకోలేదు. "అది ఉండాల్సిందే," అంటుంది. ఇప్పటికీ ఆదివారాలు ఆడతారు. ఆయన ఆటకి ఒక్కసారే పిలుస్తాడు, కిటికీలు అదిరేలా. ఇంటి చట్టంలో ఒక చిన్న మార్పు వచ్చింది. బల్ల తాకింది నీది కాదు, రసీదు ఉంటే తప్ప.

గ్వాన్ మామ మాత్రం మర్చిపోలేదు. గడ్డం గీయించుకోవడానికి వెళ్తే, సబ్బు నురగ పూసి, గొంతు మీద కత్తి ఆనించి అప్పుడు అడుగుతాడు.

"నువ్వే సాక్షివి. చెప్పు. ఆ రోజు ఎనిమిదో వెదురుకి ముందు ఎవరు పిలిచారు?"

"నువ్వే మామా," అంటాను.

"రెండుసార్లు."

"రెండుసార్లు, మామా."

ఇంకో చెంప మిగిలే ఉంది మరి.